కందిలి మీద గీత
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నీ పాత సామాన్ల పిచ్చి గురించి పది నిమిషాలు మాట్లాడు" అన్నారు కార్యదర్శి గారు. పిచ్చి అన్న మాట ఆయనదే. మా ఇంట్లోనూ అదే మాట వాడతారు కాబట్టి నాకు అభ్యంతరం లేదు. నేను పోగుచేసేవి ఎక్కువగా రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలానివి. అంటే 1918 నుంచి 1939 దాకా తయారైన టేబుల్ ల్యాంపులు, కందిళ్లు, పడక కుర్చీలు, రాతబల్లలు, సందుగలు.

ఆ ఇరవై ఏళ్ల మీదే ఎందుకు పడ్డావని అడుగుతారు. దీపం గూట్లోంచి దిగి బల్ల మీదికి, మనం చదివే కాగితం పక్కకి వచ్చిన కాలం అది. జర్మనీలో విల్‌హెల్మ్ వాగెన్‌ఫెల్డ్ 1924 ప్రాంతంలో బౌహౌస్ బడిలో విద్యార్థిగా ఉంటూ గాజు ల్యాంపు చేశాడు. ఇంకా దొరుకుతుంది, ధర మాత్రం అడక్కండి. ఇంగ్లండులో జార్జ్ కార్వర్డైన్ అనే ఇంజనీరు 1932లో స్ప్రింగుల ల్యాంపు కనిపెట్టాడు. ఎటు వంచితే అటు నిలబడే ఆ ల్యాంపుకు మనవళ్లు, మునిమనవళ్లు ఇవాళ మన పిల్లల టేబుళ్ల మీద ఉన్నాయి. మన దగ్గర హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ పవర్ స్టేషన్ 1920లో వచ్చింది. మొజంజాహి మార్కెట్ 1935 నాటిది, ఆర్ట్స్ కాలేజీ భవనం 1939 నాటిది. నగరంలో నవాబులు, పెద్ద ఉద్యోగులు, వకీళ్ల ఇళ్లలో ఇత్తడి దిమ్మె మీద ఆకుపచ్చ గాజు టోపీ పెట్టిన ల్యాంపులు ఆ రోజుల్లోనే చేరాయి.

మరి మన మేడిపల్లి? అప్పుడది పొలాల మధ్య పల్లె. ఇవాళ లక్షల వోల్టులతో పరీక్షలు చేసే కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ ప్రయోగశాల మన ఊళ్లోనే ఉంది గానీ, ఆ రోజుల్లో మన తాతలకు రాత్రి అంటే ఎక్కబుడ్డి, కాస్త ఉన్నవాళ్లకు కందిలి. పెళ్లికైతే పెట్రోమాక్స్. ఆ పేరులోని మాక్స్, బెర్లిన్‌లో ఆ దీపం తయారుచేయించిన మాక్స్ గ్రేట్జ్ అనే పెద్దమనిషి. జుమ్మేరాత్ బజార్లో ఆకుపచ్చ గాజు ల్యాంపుకు వేలల్లో బేరం నడుస్తుంది, పక్కనే మట్టి కొట్టుకున్న కందిలికి అందులో పదో వంతు కూడా పలకదు. నా లెక్కలో మాత్రం మన ఊరి టేబుల్ ల్యాంపు కందిలే. రెండు పక్కలా ఉండే గొట్టాలు పట్టుకోవడానికి పెట్టినవని చాలామంది అనుకుంటారు. మంటకు గాలి వెళ్లే దారి అది. అందుకే గాలివానలో కూడా ఆరదు.

వయసు పట్టడం ఎలా అనేది మీలో చాలామంది అడిగే ప్రశ్న. ల్యాంపును ముందు తిరగేసి అడుగు చూస్తాను. స్క్రూ తలలో ఒకే గాడి ఉండాలి. ప్లస్ గుర్తు తల ఉన్న ఫిలిప్స్ స్క్రూ 1930ల నడుమ గానీ వాడకంలోకి రాలేదు. "1925ది సార్" అంటూ ప్లస్ స్క్రూ ఉన్నది చూపిస్తే, కనీసం ఒకసారి ఎవరో విప్పి బిగించారన్నమాట. "మేడ్ ఇన్ జర్మనీ" అని ఉంటే ఆశపడొచ్చు. "వెస్ట్ జర్మనీ" అని ఉంటే రెండో యుద్ధం తర్వాతదే. గోధుమరంగు హోల్డరును బొటనవేలితో వేడెక్కేలా రుద్ది వాసన చూడండి, ఆసుపత్రి వాసన తగిలితే బేకలైట్. కుర్చీ పాలిష్ మీద, కనిపించని చోట, ఒక చుక్క స్పిరిట్ వేస్తే లక్క పాలిష్ అయితే మెత్తబడి వేలికి అంటుకుంటుంది. కొత్త వార్నిష్‌కు ఈ గుణం ఉండదు. మొరాదాబాద్‌లో ఇవాళా పాత నమూనా ఇత్తడి దీపాలు చేస్తారు, చక్కగా చేస్తారు. వాటిని పాతవని అమ్మేవాళ్లతోనే నాకు పేచీ.

ఒక్క జాగ్రత్త. ఎంత ముచ్చటేసినా పాత కరెంటు ల్యాంపును తెచ్చిన రోజే ప్లగ్గులో పెట్టకండి. పైన గుడ్డ అల్లిక బాగానే కనిపిస్తుంది, లోపలి రబ్బరు మాత్రం పెళుసెక్కి వేలు తగిలితే రాలుతుంది. ఒళ్లంతా ఇత్తడి, ఎర్తు లేదు. నేను మూడు తీగల కొత్త వైరు వేయించి, ఎర్తు తీగను ఇత్తడికి కలిపిస్తాను. పాత వైరును చీటీ రాసి కవర్లో దాస్తాను.

ఇదంతా చదివి నేర్చుకునేదే. చదివితే రానిది ఒకటుంది, అది చెప్పడానికే ఒప్పుకున్నాను.

2019లో వరంగల్ రోడ్డు మీద ఒక పాత ఇల్లు తీసేస్తున్నారని కబురొచ్చింది. మన బడిలోనే చదివిన కుర్రాడు, పేరు చెప్పొద్దన్నాడు. "అంకుల్, సామాన్లన్నీ తూకానికి అడుగుతున్నారు, మీరొకసారి చూసి పోండి" అన్నాడు. వెళ్లేసరికి వాకిట్లో ఒక సందుగ, చేతులు బారుగా ఉన్న పడక కుర్చీ, జర్మనీ ముద్ర ఉన్న కందిలి. కందిలికి వత్తి తిప్పే చిన్న చక్రం మీద మేకుతో గీసిన గీత, దాని ఎదురుగా బర్నరు మీద ఒక చుక్క గాటు. సామాన్ల అతను దాన్ని చూపించి "దెబ్బ తిన్నది" అని ధర తగ్గిస్తున్నాడు. నిజం చెప్పాలంటే నేను కొన్నా ఆ మాటే అనేవాణ్ణి.

అరుగు మీద కూర్చున్న ఆ ఇంటి నాయనమ్మకు తొంభై దాటాయి. కందిలి ఎవరిదమ్మా అని అడిగితే చెప్పింది: "లడాయి నడుస్తుండె బిడ్డా. గ్యాసునూనె దొరక్కపోయేది. గా గీత గా చుక్క దాటి వత్తి ఎక్కిస్తే మా అత్త తిట్టేది. నేనప్పుడు కొత్త కోడల్ని."

1942లో బర్మా జపాన్ చేతికి పోయాక దేశానికి కిరోసిన్ కరువొచ్చిందని మనం పుస్తకాల్లో చదువుకున్నాం. ఆ కరువుకు ఒక మేడిపల్లి అత్తగారు మేకుతో పెట్టిన కొలత ఆ గీత. అంతసేపూ సామాన్ల అతను తక్కెడ పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఆరు నెలలకు ఆ నాయనమ్మ పోయింది. ఆ రోజు అడగకపోతే అది సొట్టపడిన కందిలి, అంతే.

సాలార్‌జంగ్ మ్యూజియం మనందరం బడి నుంచి ఎక్స్‌కర్షన్‌కు వెళ్లిందే. మూడో సాలార్‌జంగ్ ఆ వస్తువులు పోగుచేసింది చాలావరకు నేను చెప్పే కాలంలోనే. ఆయన 1949లో వారసులు లేకుండా పోయాడు. 1951లో దివాన్ దేవిడీలో మ్యూజియం తెరిచేముందు ఆ వస్తువులన్నిటినీ ఒక క్రమంలో పెట్టడానికి జేమ్స్ కజిన్స్ అనే కళా విమర్శకుణ్ణి పిలవాల్సి వచ్చింది. అంతటి నవాబు వస్తువులకే ఆ అవసరం పడింది. మా అబ్బాయి ఉండేది వేరే దేశంలో, నా గదిలో ఉన్నవి వాడికి ఇత్తడి, ఇనుము, చెక్క. అందుకే ఒక రిజిస్టరు పెట్టాను. ఎవరింటిది, ఎవరు వాడారు, దేనికి వాడారు, ఏ గాటు ఎందుకుంది అన్నీ రాస్తాను. ఈ మాటలు ఎవరు చెప్పారో వాళ్ల పేరు కూడా రాస్తాను. నాలుగేళ్లుగా కొనడం తగ్గించి రాయడం పెంచాను.

ఉప్పల్, నాచారం, బోడుప్పల్, పీర్జాదిగూడ, మన ఊరు, ఎక్కడ చూసినా పాత ఇళ్లు అపార్టుమెంట్లకు పోతున్నాయి. మీ ఇంటి సామాను నాకు ఇమ్మని అడగడం లేదు, నాకు జాగా కూడా లేదు. తూకానికి వేసే ముందు ఇంట్లో పెద్దవాళ్ల పక్కన పది నిమిషాలు కూర్చోండి. వాళ్లు చెప్పింది చీటీ మీద రాసి వస్తువుకు కట్టండి. తర్వాత అమ్ముకుంటారో ఉంచుకుంటారో మీ ఇష్టం. రాయడం ఇబ్బందైతే ఫోన్లో రికార్డు చేసి పంపండి, రిజిస్టరులో నేను ఎక్కిస్తాను.

ఆ కందిలి ఇవాళ తెచ్చాను. తొమ్మిదో తరగతి గదిలో, కిటికీ పక్క బల్ల మీద ఉంది. భోజనాలయ్యాక వస్తే వెలిగిస్తాను, వత్తి ఆ గీత దాకానే. ఫ్యాన్లు ఆపనక్కర్లేదు, ఆరదు.