పరమాణువు రిజిస్టరులో దిద్దుబాట్లు

(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై ఆరేళ్ళు ఫైళ్ళతో గడిపిన గుమాస్తాను నేను. శాస్త్రజ్ఞుణ్ణి కాను. తొమ్మిదో తరగతి చదివే మా మనుమరాలికి పాఠం చెప్పబోయి, సూర్యుని చుట్టూ గ్రహాల్లాగా కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లు తిరుగుతున్నట్లు బొమ్మ గీశాను. "తాతయ్యా, ఇది పాత బొమ్మ. తర్వాత మార్చారు" అన్నది. కాస్త చిన్నబోయి, ఆ విషయం మీద దొరికిన పుస్తకాలన్నీ చదివాను.

సర్వీసు రిజిస్టరులో తప్పు పడితే చెరపకూడదని మనందరికీ తెలుసు. పాత ఎంట్రీ కనిపించేలా గీత కొట్టి, సరైనది రాసి, అధికారి చేత పొడి సంతకం పెట్టించాలి. పరమాణువు కథ కూడా అటువంటిదే.

ఇంగ్లండులో డాల్టన్ 1808లో ప్రచురించిన గ్రంథంలో పరమాణువును విడగొట్టలేమన్నారు. 1897లో కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ ఎలక్ట్రానును కనుగొన్నారు. దాని బరువు హైడ్రోజన్ పరమాణువులో సుమారు 1837వ వంతు. దానితో డాల్టన్ మాటకు గీత పడింది. పుచ్చకాయ గుజ్జులో గింజల్లాగా, ధనావేశపు గోళంలో ఎలక్ట్రాన్లు ఉంటాయని థామ్సన్ 1904లో ఊహించారు.

ఆ ఎంట్రీకి గీత కొట్టినది ఆయన శిష్యుడు రూథర్‌ఫర్డే. 1909లో మాంచెస్టరులో ఆయన పర్యవేక్షణలో గైగర్, ఇరవై ఏళ్ళ విద్యార్థి మార్స్‌డెన్ కలిసి పలుచని బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలను పంపారు. దాదాపు అన్నీ తిన్నగా దూసుకుపోయాయి. వేలల్లో ఏ ఒక్కటో వెనక్కి తిరిగివచ్చింది. ఒక్కటే కదా అని వారు దానిని పక్కన పెట్టలేదు. పరమాణువు బరువు దాదాపు అంతా నడుమ చిన్న కేంద్రకంలో ఉందని 1911లో రూథర్‌ఫర్డ్ తేల్చారు. పరమాణువు క్రికెట్ మైదానమంత అనుకుంటే కేంద్రకం బఠానీ గింజంత!

మరి తిరిగే ఎలక్ట్రాన్ శక్తి కోల్పోయి కేంద్రకంలో పడిపోవాలి కదా? రూథర్‌ఫర్డ్ వద్ద పనిచేసి వెళ్ళిన నీల్స్ బోర్, ఎలక్ట్రాన్లకు నియమిత కక్ష్యలుంటాయని 1913లో చెప్పారు. ఆ లెక్క హైడ్రోజనుకు చక్కగా సరిపోయింది, మిగతా మూలకాలకు సరిపోలేదు. 1926లో ష్రోడింగర్ తరంగ సమీకరణం వచ్చాక కక్ష్య అనే గీతే పోయింది. ఎలక్ట్రాన్ ఎక్కడ ఉండే అవకాశం ఎంత అన్నది మాత్రమే చెప్పగలం. 1932లో రూథర్‌ఫర్డ్ శిష్యుడు చాడ్విక్ న్యూట్రానును కనుగొన్నారు.

ఇంకొక ముచ్చట. ఎలక్ట్రానును కణంగా చూపిన థామ్సన్‌కు 1906లో నోబెల్ బహుమతి వచ్చింది. అది తరంగంలా కూడా ప్రవర్తిస్తుందని చూపినందుకు 1937లో ఆ బహుమతి పంచుకున్నవారిలో ఒకరు ఆయన కుమారుడే. తండ్రి అప్పటికి జీవించే ఉన్నారు.

ఇది చదివినప్పుడు నాకు ఒక పాత సంగతి గుర్తుకు వచ్చి మనసు చివుక్కుమన్నది. ఉద్యోగంలో ఉండగా పోయిన ఒక సహోద్యోగి కుటుంబ పెన్షను కాగితాలు నేను తయారు చేశాను. కొత్తగా చేరిన కుర్రవాడు చూసి, చివరి జీతం అంకె తప్పు పడిందన్నాడు. "నిన్నగాక మొన్న వచ్చావు, నాకు చెప్తావా?" అని కసిరాను. ఎనిమిది నెలల తర్వాత అదే అభ్యంతరంతో కాగితాలు తిరిగివచ్చాయి. ఆ ఎనిమిది నెలలూ ఆ ఇల్లాలు ఇద్దరు పిల్లలతో మా వరండాలో కూర్చుని వెళ్ళేది. అంకె దిద్దాను. కాని "నువ్వు చెప్పిందే నిజం" అని ఆ కుర్రవాడితో ఏనాడూ అనలేదు. ఇప్పుడు అతడు ఎక్కడున్నాడో తెలియదు.

పెద్దలారా, శిష్యుడు దిద్దినందువల్ల థామ్సన్ చిన్నవాడు కాలేదు. ఆయన ఎలక్ట్రాన్ నేటికీ నిలిచే ఉంది. మన పిల్లలు మనల్ని దిద్దినప్పుడు మనమూ చిన్నబోనక్కరలేదు.

మొన్న మా మనుమరాలి నోటుబుక్కులో నా బొమ్మకు నేనే గీత కొట్టి, పక్కన పొడి సంతకం పెట్టాను. "నువ్వు చెప్పిందే సరి, తల్లీ" అన్నాను.