సాయంకాలపు బడి

(అస్కాలో మన పాఠశాల వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభలో పెద్దలు దీర్ఘముగా మాటాడరాదని నేనెరుగుదును. పిల్లల నాటకము ఇంకను మిగిలియున్నది. వేషములు కట్టుకొని తెర వెనుక నిలుచున్న బాలురు ఈపాటికే నన్ను తిట్టుకొనుచుందురు. కావున ఒక్క విషయమునే మనవి చేసెదను. సాయంకాలము నాలుగు గంటలకును రాత్రి ఎనిమిది గంటలకును నడుమ మన పిల్లలు ఎక్కడ నుందురు, ఏమి చేయుచుందురు అనునదే ఆ విషయము.

మన యిండ్ల స్థితి మీకు తెలియనిది కాదు. తండ్రి అంగడిలోనో, చక్కెర కర్మాగారములోనో, కుట్టుమిషను ముందరనో ఉండును. తల్లియు ఏదో పనిపై పోవును. బడి విడిచి వచ్చిన పిల్లవాడు తాళము వేసిన తలుపు చూచి అరుగుపై కూర్చుండును, లేదా ఋషికుల్య యొడ్డున తిరుగును. కలవారి పిల్లలు ట్యూషనునకు పోవుదురు. లేనివారి పిల్లలు పోలేరు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 సంవత్సరముల వయస్సు వారికి పగటి బడిని ఉచితము గావించినది. బడిలో పనిచేయు ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషనులు చెప్పరాదనియు ఆ చట్టమే శాసించినది. అయినను సాయంకాలపు చదువు వెల పెట్టి కొనవలసిన సరకుగనే మిగిలిపోయినది.

దీనికి తోడు మనకు వేరొక లోటు కలదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన గంజాము మద్రాసు రాజధాని నుండి విడివడి ఒరిస్సాలో చేరినది. తరములు గడచిన కొలది మన పిల్లల పగటి చదువు ఒడియాలోనికిని, ఇటీవల ఆంగ్లములోనికిని మారినది. ఇది తప్పని నేననను. ఈ నేలపై బ్రదుకువాడు ఈ నేల భాషను నేర్వవలసినదే. ఒడియా రాని తెలుగువాడు అస్కా సంతలో వంకాయలైన బేరమాడలేడు. కాని శ్రీకాకుళము నుండి అమ్మమ్మ ఫోనులో పంపిన నాలుగు తెలుగు వాక్యములను చూచి, “ఇదేమి వ్రాత తాతా?” యని ఒక బాలిక నన్ను అడిగినది. ఆ పిల్ల తెలుగు ముచ్చటగా మాటాడును. అక్షరము మాత్రమెరుగదు. అమ్మమ్మ వ్రాసినది నేను చదివి వినిపింపవలసి వచ్చినది.

ప్రభుత్వము మనకు ఏమియు ఈయలేదా యందురా? మాట ఇచ్చినది. పాఠశాల మొత్తములో 40 మందిగాని, ఒక తరగతిలో 10 మందిగాని ఒక భాషవారున్నచో, ప్రాథమిక దశలో ఆ భాషలో బోధించు ఉపాధ్యాయుని నియమింపవలెనని 1949లో విద్యామంత్రుల సమావేశము తీర్మానించినది. 1956లో ఏడవ సవరణచే రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక బోధనకు సౌకర్యములు కల్పింప యత్నించుట రాష్ట్రముల విధి యని చెప్పుచున్నది. మన విద్యాలయమును మనమే స్థాపించుకొని నడుపుకొను హక్కును 30వ అధికరణ మిచ్చినది. మహజర్లు వ్రాసితిమి, ఇంకను వ్రాయుదము. కాని జాబు వచ్చువరకు నేటి ఆరేండ్ల పిల్ల ఆరేండ్లదిగనే ఉండదు గదా!

ఇట్టి పని మన ప్రాంతమునకు క్రొత్త కాదు. నేడు గజపతి జిల్లాలోనున్న పర్లాకిమిడిలో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1880లో ఉపాధ్యాయులుగా చేరిరి. సవర భాష నేర్చుకొని, ఆ భాషలో పుస్తకములు వ్రాసి, స్వంత ధనముతో సవర పిల్లలకు బడులు పెట్టి, ఉపాధ్యాయుల జీతములు తామే చెల్లించిరి. మద్రాసు ప్రభుత్వమువారు పారితోషిక మీయబోగా, తమకు వలదనియు, ఆ సొమ్ముతో బడి పెట్టుడనియు చెప్పిరి. వ్యావహారిక భాషకై జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుని నేను గ్రాంథికములో పొగడుచున్నాను. వినినచో నవ్వుకొందురు. పాత అలవాటు, మన్నింపుడు.

కాని గిడుగువారివంటి వారు ఊరికొకరు పుట్టరు. ఒక్కరి సంచిపై నిలిచిన బడి ఆ సంచి నిండియున్నంత కాలమే నిలుచును. మన పెద్దలు దానము చేయనివారు కారు. పంకా ఇత్తురు. దాని రెక్కపై పేరు వ్రాయింతురు. పంకా తిరుగునప్పుడు ఆ పేరు ఎవరికిని కనబడదు. తిరుగనప్పుడు దాని క్రింద ఎవరును కూర్చుండరు! పంతులుగారి జీతము పంకా వంటిది కాదు. అది ప్రతి మాసమును రావలసినది. 1956లో నమోదైన మన అస్కా సహకార చక్కెర కర్మాగార సంఘములో చెరకు రైతులు తలకొక వాటా వేసి సభ్యులైరి. మన నానమ్మలు ఎసటిలో బియ్యము పోయునప్పుడు ఒక పిడికెడు తీసి ధర్మకార్యమునకని వేరే కుండలో వేసెడివారు. నేను కోరునది అట్టిదే. ఊహకై లెక్క చెప్పెదను: ఇంటికి నెలకు 50 రూపాయల చొప్పున 60 ఇండ్లవారిచ్చినచో 3,000 రూపాయలగును. ఒక పంతులుగారికి గౌరవవేతనము, చాపలు, పలకలు, దీపపు ఖర్చు దానిలో గడచును. 50 ఈయలేనివారు 10 ఈయవచ్చును. ప్రతి మాసము జమాఖర్చులు పైసాతో సహా ఈ ద్వారమునకు అంటింపవలెను.

పిల్లలనుండి రుసుము తీసికొనవలెనా? స్వల్పముగా తీసికొనుటయే మేలు. ఉచితమనిన తలిదండ్రులు రాకపోకలను పట్టించుకొనరు. అయితే ఇచ్చట నా తప్పు ఒకటి చెప్పుకొనవలెను. ముప్పది యేండ్ల క్రిందట వేరొక యూరిలో నేనిట్టి తరగతి నడపితిని. నెలకు అయిదు రూపాయల రుసుము. బాకీపడినవారి పేర్లను నెలాఖరున తరగతిలో గట్టిగా చదువుచుంటిని. ఒక బాలిక పేరు మూడు మాసములు వరుసగా చదివితిని. నాలుగవ మాసమున చదువ నవసరము లేకపోయెను. ఆమె రాలేదు. బాకీ పదునైదు రూపాయలు. ఆ దినములలో నా తాంబూలమునకే అంతకు మించి అగుచుండెను. ఇంటికి పోయి పిలిచితిని. తల్లి మర్యాదగా పీట వేసి కూర్చుండబెట్టి, “అమ్మాయికి ఇంటిలో పని యున్నది బాబూ” అనినది. లోపలి గదిలో ఆ పిల్ల కనబడుచునే యుండెను.

కనుక రుసుము పుస్తకము ఒక్కరి చేతనే ఉండవలెను. ఎవరు ఇచ్చిరో, ఎవరికి మాఫీ అయినదో పిల్లలకుగాని, పంతులుగారికిగాని తెలియరాదు.

సాయంకాలపు బడిలో ఒడియా పాఠములు, లెక్కలు కూడ చెప్పుటకు తెలుగువారి చందా యేల యని కొందరు మిత్రులు నన్ను అడిగిరి. పగటి బడిలో వెనుకబడిన పిల్లవాడు సాయంకాలము తెలుగు వినుటకు రాడు, అయ్యా! ముందు వాని లెక్క సరిచేయుదము, పిమ్మట అక్షరము దిద్దింతము. పొరుగింటి ఒడియా పిల్లవాడు వచ్చి చాపపై కూర్చుండినచో వానిని లేపవలదు. గిడుగువారు ఎవరి పిల్లలకు బడి పెట్టిరో ఇప్పుడే వింటిరి.

ధనము లేనివారు వారమునకు ఒక గంట కాలము నిండు. విశ్రాంత ఉపాధ్యాయులు మనలో ఉన్నారు. బరంపురము కళాశాలలకు పోయివచ్చు యువకులు ఉన్నారు. సోమవారము నాకు వ్రాసికొనుడు. లెక్కలు మరచితిని గాని గుణింతములు ఇంకను జ్ఞాపకమున్నవి.

ద్వారమునొద్ద బల్లపై ఒక పుస్తకమును, మూత గల డబ్బాయు ఉంచితిమి. పోవునప్పుడు చూడుడు. ఇక తెర తీయవచ్చును.