కూతురు దానమిచ్చే వస్తువా?

(అంబేడ్కర్ జయంతి నాడు మా పేటలో జరిగిన సభలో ఒక మేష్టారు చేసిన ప్రసంగ పాఠం)



జయంతి సభలో నాటకాల ముచ్చటేంటి మేష్టారూ అనుకోకండి. ఇది మన ఇళ్ల సంగతే.

విజయ్ తెండూల్కర్ అనే అగ్రకుల రచయిత మరాఠీలో 'కన్యాదాన్' అనే నాటకం రాశాడు. 1983లో దాన్ని ఆడారు. అందులో నాథ్ దేవళాలీకర్ అనే అగ్రకులపు సోషలిస్టు నాయకుడున్నాడు. ఆయన కూతురు జ్యోతి, అరుణ్ ఆఠవలే అనే దళిత కవిని పెళ్లాడతానంటుంది. తల్లి, తోడబుట్టినవాడు వెనకాడతారు. తండ్రి మాత్రం పొంగిపోతాడు. సభల్లో తాను చెప్పిన కులనిర్మూలన తన ఇంట్లోనే జరుగుతోందని ఆయన సంబరం.

పెళ్లయ్యాక అరుణ్ తాగుతాడు, కొడతాడు. ఇక పోనని జ్యోతి పుట్టింటికొస్తుంది. అప్పుడు తండ్రికి బిడ్డ దెబ్బలకన్నా తన ప్రయోగం చెడిపోతుందేమోనన్న దిగులే ఎక్కువ. ఆఖరికి కడుపుతో ఉన్న కూతుర్ని కొట్టినవాడి పుస్తకాన్నే సభలో నిలబడి పొగుడుతాడు. జ్యోతి వచ్చి నిలదీస్తుంది. మనిషి లోపల మంచి ఉంటుంది, వదిలి పారిపోకూడదు అని చిన్నప్పట్నుంచీ నేర్పింది నువ్వే కదా అంటుంది. అని ఆ మొగుడి దగ్గరికే వెళ్లిపోతుంది.

ఈ నాటకానికి 1993లో సరస్వతీ సమ్మాన్ ఇచ్చారు. దీనికే తన మీద చెప్పు కూడా పడిందని రచయితే చెప్పుకున్నాడు. మనవాళ్ల కోపంలో న్యాయం ఉంది. చదువుకున్న దళితుడు దొరికితే వాడు తాగుబోతే కావాలా? అగ్రకులాల ఇళ్లలో తలుపులేసుకుని కొట్టేవాళ్లు లేరా? మా తండ్రులు పెళ్లాల్ని కొట్టేవాళ్లు అని అరుణ్ చేత చెప్పించాడు గానీ, ఆ దెబ్బలు తిన్న తల్లిని ఒక్కసారైనా స్టేజీ ఎక్కించలేదు.

కానీ కోప్పడి పుస్తకం మూసేస్తే నష్టం మనకే. నా సంగతి చెప్తాను. మా నాయన పాలేరు. తన కడుపు మాడ్చుకుని నన్ను చదివించాడు. సారా తాగిన రాత్రి మా అమ్మని గొడ్డుని బాదినట్టు బాదేవాడు. రెండూ నిజమే. దొర పొలంలో తిన్న తిట్లన్నీ తెచ్చి అమ్మ వీపు మీద దించేవాడు. కారణం తెలిసిందని దెబ్బ తప్పు కాకుండా పోదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచారు, 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అది సాధించింది మన అమ్మలాంటోళ్లే. 1942లో నాగపూర్ మహిళా సభలో బాబాసాహెబ్ ఏం చెప్పారు? పిల్లల్ని చదివించండి, పెళ్లికి తొందరపడకండి, భార్య మొగుడికి సమానంగా స్నేహితురాలిగా నిలబడాలి గానీ బానిసగా కాదు అన్నారు.

ఇప్పుడు నా తప్పు వినండి. పోయినేడు ఒక సభలో, నా కూతురికి కులాంతర వివాహమే చేస్తానని మైకులో ప్రకటించాను. చప్పట్లు మోగాయి. ఇంటికెళ్తే డిగ్రీ చదివే నా బిడ్డ అడిగింది: "నాన్నా, ఆ మాట చెప్పేముందు నన్నడిగావా?"

నోరు పెగల్లేదు. మా నాయన చేత్తో చేసింది నేను మైకుతో చేశాను. నాథ్ చేసిందీ ఇదే.

2018లో మిర్యాలగూడలో ఏం జరిగిందో మీకు తెలుసు. కూతురు దళితుణ్ణి చేసుకుందని ఆమె భర్తని చంపించారు. పరువు కోసం చంపించేవాడూ, ఆదర్శం కోసం దానమిచ్చేవాడూ ఒకటి కాదు. హంతకుడు హంతకుడే. కానీ ఇద్దరి కిందా ఉన్న వేరు ఒక్కటే: బిడ్డ నాది, నేను చెప్పినట్టు నడవాలి. 'కన్యాదానం' అన్న మాటలోనే ఉంది చూడండి, దానమిచ్చేవాడూ పుచ్చుకునేవాడూ మగాళ్లే. బిడ్డ వస్తువు.

కులాంతర వివాహమే కులానికి అసలు మందు అని బాబాసాహెబ్ 1936లోనే రాశారు. నేను కాదనను. ఆ మందు ఇద్దరు మనుషులు ఇష్టపడి తాగాలి గానీ, తండ్రి గొంతులో పోస్తే పనిచెయ్యదు.

అందుకని సంఘం తరఫున రెండే మాటలు. తన్నులు తిని పుట్టింటికొచ్చిన ఆడబిడ్డకి, అల్లుడిది ఏ కులమైనా సరే, ముందు తలుపు తీసి అన్నం పెట్టండి. నలుగురూ ఏమనుకుంటారో తర్వాత చూద్దాం. రెండోది, ఈ రాత్రి ఇంటికెళ్లి మీ పిల్లల్ని కూచోబెట్టుకుని, నీకేం కావాలమ్మా, నీకేం కావాల్రా అయ్యా అని అడగండి. అడిగి, వాళ్లు చెప్పేదాకా నోరు మూసుకుని వినండి. నేనూ ఈమధ్యనే నేర్చుకుంటున్నాను.

జై భీమ్!