చెవిలో చుక్కల ముగ్గు



జలదంకిలో మా బంధువుల ఇంట్లో తొమ్మిది నెలల పిల్లాడు చాప మీద ఆడుకుంటున్నాడు. వంటింట్లో ఇత్తడి పళ్ళెం జారి బండల మీద పడింది. మేమంతా ఉలిక్కిపడ్డాం. వాడు మాత్రం తల తిప్పలేదు. "వాళ్ళ నాయన కూడా మూడేళ్ళకి గానీ పలకలా. వీడికీ వస్తాయిలే మాటలు" అంది నాయనమ్మ. తల్లి ఏమీ అనలేదు. ఆమె చేసుకున్నది సొంత మేనమామని.

మనకు పైకి కనిపించే చెవి వట్టి డొప్ప. అసలు చెవి లోపల ఎముకలో, నత్తగుల్లలా చుట్టుకుని ఉంటుంది. శబ్దానికి ఊగి ఆ కబురు నరానికి అందించే కణాలు అందులో దాదాపు 15 వేలు. తల మీద సన్నని వెంట్రుకల్లాంటివి ఉంటాయి కనుక వాటిని రోమకణాలంటారు. లోపలివైపు ఒక వరస, బయటివైపు మూడు వరసలు, ఒకదానికొకటి తగలకుండా మధ్యన ఆధారకణాలు. చుక్కల ముగ్గు పెట్టే చేతులకు ఈ అమరిక వేరే చెప్పాలా?

మరి ఆ ముగ్గు వేసేదెవరు? ఒంట్లో ఏ కణంలో చూసినా ఉండే జన్యువులు అవే. ఇంట్లో సామానంతా ఒక్కటే అయినా రోజూ ఇడ్లీపాత్ర దించుతాం, పెళ్ళికైతే గుండిగ దించుతాం చూశారూ, అలాగే ఏ జన్యువు ఎక్కడ, ఎప్పుడు మేల్కొంటుందన్నదే కిటుకు. కడుపులో బిడ్డకు మూడో నెల ప్రాంతంలో కొన్ని కణాల్లో ఎటో-1 అనే జన్యువు మేల్కొంటుంది. అవే రోమకణాలవుతాయి. పక్కనున్న వాటిని "నువ్వు ఆధారంగా ఉండు" అని ఆపేస్తాయి. 1999లో హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాల వారు ఆ జన్యువు లేని ఎలుకపిల్లలను చూస్తే, చెవిలో ఒక్క రోమకణమూ లేదు! పని కాగానే ఆ జన్యువు మళ్ళీ నిద్రపోతుంది. కోడికి రోమకణాలు పోతే తిరిగి పుడతాయి. మనకా భాగ్యం లేదు. అయిదారు నెలల గర్భంలో పడ్డ ముగ్గే జన్మంతా.

ముగ్గు చక్కగా పడినా, ఆధారకణాల్లో పనిచేసే జీజేబీ-2 అనే జన్యువు చెడితే వినికిడి ఉండదు. మన దేశంలో పుట్టు చెవుడుకు ముఖ్య కారణాల్లో ఇదొకటి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. ఒక్కటే చెడితే మనిషికి బాగానే వినిపిస్తుంది. ఇద్దరి దగ్గరా చెడ్డది ఒక్కొక్కటుంటే, ప్రతి కానుపులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మేనరికంలో ఆ రెండూ ఒకే అవ్వ నుంచి దిగి ఉండొచ్చు. ఇక కోడలిని ఆడిపోసుకోవడం ఏం న్యాయమండీ?

1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ అనే ఆయన చెవి కూడా సన్నని చప్పుడు చేస్తుందని కనిపెట్టారు. అది బయటి మూడు వరసల పుణ్యమే. నిద్రపోయే బిడ్డ చెవిలో చిన్న గొట్టం పెట్టి ఆ చప్పుడు వింటారు. నొప్పి లేదు, నిమిషాల్లో అయిపోతుంది. ఓఏఈ పరీక్ష అని అడగండి. అందులో తేడా వస్తే నరం పరీక్ష చేస్తారు. చెవిమిషను చాలకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ పెడతారు. అది రోమకణాల జోలికి పోకుండా నరానికే విద్యుత్తు అందిస్తుంది. అయితే మెదడు మాట పట్టుకునేది మొదటి రెండు మూడేళ్ళలోనే. నాయనమ్మ పెట్టిన గడువు కూడా సరిగ్గా అంతే!

మరుసటి వారం ఆ తల్లి బిడ్డను చంకనేసుకుని కావలి బస్సెక్కింది. సంచీ పట్టుకుని వెనకాలే నాయనమ్మ కూడా ఎక్కింది.