గుట్ట మీద వింత రాయి కనబడిందా? పోస్ట్ పెట్టే ముందు ఇది వినండి

మన అనంతపురం గుట్టల్లో నున్నటి గుండ్రాయి కనబడితే చాలు, "డైనోసార్ గుడ్డు" అని రీల్ పెట్టేయాలనిపిస్తుంది. అప్‌లోడ్ నొక్కే ముందు ఏం చూసుకోవాలో ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.

ముందు వయసు లెక్క. డైనోసార్లు తిరిగింది సుమారు 23 కోట్ల ఏళ్ల నుంచి 6.6 కోట్ల ఏళ్ల క్రితం దాకా. మన గ్రానైట్ గుండ్లు దాదాపు 250 కోట్ల ఏళ్లనాటివి. కరిగిన రాయి భూమి లోపల గట్టిపడితే ఏర్పడినవి. వాటిలో గుడ్డు ఉండదు, ఎముకా ఉండదు. ఎండకీ వానకీ మూలలు అరిగి, ఉల్లిపొరల్లా ఊడుతూ గుండ్రంగా అవుతాయి, అంతే.

రెండోది, తాడిపత్రి నాపరాయి. బండ చీలిస్తే లోపల నల్లటి ఆకుల్లాంటి బొమ్మలు కనబడతాయి. వీటిని డెండ్రైట్లు అంటారు. పగుళ్లలోకి నీళ్లతో దిగిన మాంగనీస్, ఇనుము ఖనిజాలు అలా కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటాయి. ఆ రాయి ఏర్పడేనాటికి నేల మీద ఆకున్న మొక్కే లేదు.

మరి మనకు శిలాజాలు లేవా? ఎందుకు లేవు! తాడిపత్రి, వేంపల్లె పేర్లతోనే పిలిచే రాతి పొరల్లో స్ట్రోమటోలైట్లు ఉన్నాయి. కోసిన క్యాబేజీలాగా పొరలు పొరలుగా కనబడతాయి. కంటికి కనబడని సూక్ష్మజీవులు నీళ్లలో చాపలా పరుచుకుని, పొర మీద పొర కట్టినవి. వయసు అటూ ఇటూగా 190 కోట్ల ఏళ్లు. గాలిలోకి ఆక్సిజన్ చేరింది ఇలాంటి జీవుల వల్లే. డైనోసార్ గుడ్డు కంటే ఇది చిన్న విషయమా చెప్పండి? రాజస్థాన్‌లో భోజుండా, జామర్‌కోట్రా స్ట్రోమటోలైట్లను జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలుగా ప్రకటించారు. మన దగ్గరివి చాలావరకు కంచె లేని గుట్టల్లోనే ఉన్నాయి.

ఇప్పుడు అసలు చిక్కు. చోటు చెబితే జనం వచ్చి పేర్లు చెక్కుతారు, ముక్కలు పగలగొట్టి పట్టుకెళ్తారు. చెప్పకపోతే అక్కడ ఒకటుందని ఎవరికీ తెలియకుండానే క్వారీ వచ్చేస్తుంది. రెండూ నష్టమే.

పక్కనే బళ్లారి ఉంది కదా. 1882 దాకా మనమూ ఆ జిల్లాలోనే ఉన్నాం. అక్కడి కప్పగల్లు గుట్ట మీద కొత్త రాతియుగం నాటి పశువుల కాపరులు మూపురం ఎద్దుల బొమ్మలు చెక్కారు. 1892లో ఫాసెట్ అనే అధికారి వాటి గురించి రాశాడు. తర్వాత వెతికినవాళ్లకు ఆ చోటు దొరకలేదు. పాత ఫోటోలు వెలిసిపోయాయి. 2004లో నికోల్ బోయివిన్ అనే పరిశోధకురాలు ఆ బొమ్మల గురించి మళ్లీ వివరంగా రాసేనాటికి గ్రానైట్ క్వారీ ఆ గుట్ట మీదికి వచ్చేసింది. ఎక్కడుందో సరిగ్గా రాసిపెట్టకపోతే ఇలాగే అవుతుంది.

కాబట్టి చోటు దాచొద్దు, చెప్పాల్సినవాళ్లకు చెబుదాం. ఫోటోలు మూడు తీయండి: దూరం నుంచి, దగ్గర నుంచి, పక్క నుంచి. పక్కన పెన్నో రూపాయి బిళ్లో పెట్టండి, సైజు తెలుస్తుంది. బొమ్మ బాగా కనబడాలని నీళ్లు చల్లొద్దు, సుద్దముక్కతో గీయొద్దు. రాయిని కదపొద్దు. లొకేషన్ ఉన్న ఒరిజినల్ ఫోటోని వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ వివరాలు పోతాయి, డాక్యుమెంట్‌గా పంపండి. శిలాజమైతే జియలాజికల్ సర్వేకి గానీ, యూనివర్సిటీ జియాలజీ విభాగానికి గానీ, బొమ్మలైతే రాష్ట్ర పురావస్తు శాఖకి పంపండి. పబ్లిక్ పోస్టులో మాత్రం జిల్లా పేరు చాలు, మ్యాప్ పిన్ వద్దు.

చివరగా, బొమ్మలు గీసే తమ్ముళ్లు, చెల్లెళ్లకు ఒక మాట. మన తెలుగు నేలకీ డైనోసార్ ఉంది: కోటసారస్. పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర ఎముకలు దొరికాయి, 1988లో యాదగిరి దానికి పేరు పెట్టారు. అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. వెళ్లి చూసి గీయండి. ఎముకల కొలత సాక్ష్యం, ఒంటి రంగు మన ఊహ. పోస్టులో ఆ రెండూ విడివిడిగా రాయండి. వేరేవాళ్ల బొమ్మ పెడితే గీసినవాళ్ల పేరు వేయండి. ఏఐతో చేయిస్తే ఆ మాటా చెప్పండి, లేకపోతే రేపు అదే "మన గుట్టలో దొరికింది" అని తిరుగుతుంది.

మీ ఊరి గుట్టలో ఏం చూశారో కామెంట్‌లో చెప్పండి. లొకేషన్ మాత్రం పెట్టొద్దు! వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.