నలిగిన కారును ఇంటివద్ద బాగుచేయుట



పూర్వము ఇంటింట ఎడ్లబండి యుండెడిది. బండి విరిగినచో వడ్రంగి వచ్చి నొగ మార్చెడివాడు. కమ్మరి వచ్చి చక్రమునకు ఇనుప పట్టా వేసెడివాడు. పని మన కన్నులయెదుట జరిగెడిది. దాని మంచిచెడ్డలు మనకు తెలిసెడివి. నేడు ఆ బండి స్థానమున మోటారుకారు వచ్చినది. క్రొత్త కారు కొనలేనివారు పాత కారు కొనుచున్నారు. మంచి పాత కారునకు కూడ సొమ్ము చాలని పడుచువారు, ఎక్కడనో గుద్దుకొని ముందుభాగము నలిగిన కారును చౌకగా బేరమాడి, ఇంటివద్దనే బాగుచేసికొందము, సొమ్మిండని పెద్దల నడుగుచున్నారు. ఈయవలెనో వలదో చెప్పవలసినవారు మీరు. ఆ నిర్ణయమునకు అక్కరకు వచ్చు సంగతులు కొన్ని మనవి చేసెదను.

నేను వృత్తిచే మెకానికును కాను. ఉన్నత పాఠశాలలో చేతిపనులు నేర్పి విశ్రాంతి తీసికొన్నవాడను. సుత్తి, ఆకురాయి, కొలబద్ద నాకు చిరపరిచితములు. తెనాలి ప్రాంతమున మా గ్రామమందు, ఖాళీగా నున్న పశువుల కొట్టములో, మా మేనల్లుడును నేనును కలిసి ఒక మారుతి 800 కారును ఇంచుమించు మూడు నెలల ఆదివారములు పనిచేసి బాగుచేసితిమి. ఆ పనియే నా మాటల కాధారము.

ఈ కారు మీరందరు నెరిగినదే. 1983 డిసెంబరు 14వ తేదీన మొదటి కారు కొన్నవారి చేతికి అందినది. 2014 జనవరిలో తయారీ నిలిచిపోయినది. మూడు సిలిండర్ల చిన్న ఇంజను, 796 సి.సి. మాకు దొరికిన కారు ఒక రాత్రివేళ కాలువ వంతెన గోడను ఎడమవైపు గుద్దుకొన్నది. దాని యజమాని గాయములు లేక బయటపడి, ఆ కారును మరల చూడనొల్లక 20 వేల రూపాయలకు ఇచ్చివేసెను. బంపరు, బానెట్టు, ఎడమ మడ్గారు, ఒక దీపము, రేడియేటరు చెడినవి. చూచినవారెల్ల "రేకు పనియే గదా" అనిరి.

రేకు పని యనునది కంటికి కనబడిన నష్టము మాత్రమే. లారీకి అడుగున రెండు పొడవైన ఇనుప దూలములుండును. వాటిపై మిగిలినదంతయు కూర్చుండును. చిన్న కారులకు అట్టి వేరు దూలములు లేవు. నేల, ప్రక్కలు, కప్పు, ముందరి రేకులు అన్నియు అతికిన యొకే గుల్ల. మీ చేతనున్న ఖాళీ అగ్గిపెట్టెను ఒక మూల నొక్కి చూడుడు. ఎదుటి మూలయు వంగును. కారును అంతే. దెబ్బ ఎడమ దీపముమీద తగిలినను, కుడి తలుపు సందు వెడల్పు కావచ్చును. కావున సుత్తి పట్టుటకు ముందు కొలబద్ద పట్టవలెను.

కొలుచు విధము మీకు క్రొత్త కాదు. ఇంటి పునాదికి ముగ్గు పోయునపుడు తాపీవాడు మూలనుండి మూలకు త్రాడు పట్టి, రెండు కొలతలు సరిపోయిననే గది చదరముగా నున్నదనును. కారుకును అదే సూత్రము. కారును సమమైన నేలపై నిలిపి, అడుగున కుడియెడమలు ఒకే తీరుననుండు రంధ్రములనుండి దారపు గుండు వ్రేలాడదీసి, అది సూచించిన చోట నేలమీద సుద్దతో గుర్తు పెట్టవలెను. తరువాత గుర్తునుండి గుర్తునకు ఏటవాలుగా కొలువవలెను. రెండు కొలతలకు 3 మిల్లీమీటర్ల భేదమున్నచో షెడ్డులవారు సాధారణముగా ఓర్తురు. మాకు 14 మిల్లీమీటర్లు వచ్చినది. ఎడమవైపు ఏప్రను అని షెడ్డులవారు పిలుచు లోపలి రేకును, దాని క్రింద ఇంజనును మోయు కమ్మియు వెనుకకు జరిగియుండెను. ఆ కమ్మిపై చేయి పెట్టి తడిమినచో ఒకచోట ముడత తగిలినది. రంగు అక్కడ చిట్లియుండెను.

అప్పుడు మా మేనల్లుడు అన్నమాట మీకు చెప్పవలెను. ఏలయన ఆ మాట ప్రతి యూరను వినబడుచున్నది. "మామయ్యా! ఆ ముడతను గ్యాసుతో కాల్చి లాగించి, పైన యాంగ్లరు వేసి వెల్డింగు చేయిస్తే సరి. కంపెనీవాడు చేసినదానికంటె గట్టిగా ఉంటుంది" అనెను. "గట్టిగా ఉండుటయే ప్రమాదము నాయనా" అంటిని.

ఈ సంగతి కొంచెము వివరించెదను. కారు ముందుభాగము నలుగుటకే చేయబడినది. మెర్సిడీస్ కంపెనీ ఇంజనీరు బేలా బరేన్యి అను నాతడు ఈ యుపాయమును ఆలోచించెను. 1959లో ఆ కంపెనీ దానితో కారును వెలువరించెను. మనుష్యులు కూర్చుండు గది గట్టిగా నుండవలెను. దాని ముందువెనుకల భాగములు క్రమముగా నలిగి, దెబ్బను తాము మ్రింగవలెను. పడిపోవుచున్న కుండక్రింద గడ్డిమోపు వేసినట్లు. కారు వేగము రెట్టింపైనచో దెబ్బలోని శక్తి నాలుగు రెట్లగును. ఆ శక్తి ఎక్కడనో ఖర్చు కావలెను. ముందుభాగమునకు యాంగ్లరు అతికి బిగించినచో అది నలుగదు. నలుగనందున దెబ్బ తిన్నగా లోని మనిషి రొమ్మునకు చేరును. ముందు బంపరునకు ఇనుప గొట్టములు బిగించుటయు ఇట్టిదే. కేంద్రప్రభుత్వము 2017 డిసెంబరులో దానిని చట్టవిరుద్ధమని రాష్ట్రములకు వ్రాసినది. ఐనను మన రోడ్లమీద అవి తిరుగుచునే యున్నవి.

ఇక కాల్చుట. మంచి కొడవలిని మరచి పొయ్యిలో పడవేసినచో ఏమగునో మీకు తెలియును. ఆకారము చెడదు, పదును పోవును. ఉక్కు తన బలమును వేడివలననే పొందును, వేడివలననే పోగొట్టుకొనును. క్రొత్త కారులలో వాడు ఉక్కు మరింత సున్నితమైనది. కొన్ని కమ్మీలు సరిచేయుటకే పనికిరావు, మార్చవలసినవే. కాబట్టి నలిగిన కారును బాగుచేయుట యనగా గట్టిపరచుట కాదు. అది ఏ కొలతతో, ఏ పదునుతో పుట్టినదో ఆ కొలతకు, ఆ పదునుకు తెచ్చుట. ఇదియొక్కటి మనసున నిలిచినచో ఇంట చేయదగిన పనియేది, చేయరాని పనియేది తనంతట తెలియును.

మేము ఆ కమ్మి పనిని ఇంట చేయలేదు. కారును విజయవాడ ఆటోనగరమునకు మరియొక వాహనముపై ఎక్కించి పంపితిమి. అక్కడ కారును ఇనుప చట్రమునకు బిగించి, గొలుసులతో, హైడ్రాలిక్ యంత్రముతో మెల్లగా లాగుదురు. లాగుటలో ఒక నీతి కలదు: చివర వంగినది మొదట సరికావలెను, మొదట వంగినది చివర సరికావలెను. చిక్కుపడిన దారమును విప్పునట్లే. రెండు దినములలో కొలతలు సరిపడినవి. ముడత పడిన ముక్కను కోసివేసి, కంపెనీ అతుకు ఉన్నచోటనే క్రొత్త ముక్క నతికిరి.

మిగిలినది మా పని. మొట్టమొదట బ్యాటరీ నెగెటివు తీగను విప్పితిమి. ఇది చేయనిదే దేనిని తాకరాదు. విప్పిన బోల్టులను స్థానమును బట్టి వేరువేరు కొబ్బరిచిప్పలలో వేసితిమి. విప్పుటకు ముందు ప్రతి భాగమునకు మా మేనల్లుడు ఫోనుతో చిత్రము తీసెను. ఆ ఫోను వలన నాకు కలిగిన మొదటి ప్రయోజన మదియే. బంపరు, దీపము, రేడియేటరు, మడ్గారు పాతసామాను అంగడిలో కొని తెచ్చితిమి. బానెట్టును మాత్రము కొట్టి సరిచేసితిమి.

బానెట్టు సొట్ట తీయుట నాకు మిక్కిలి సంతోషము కలిగించిన పని. కంచరివాడు బిందె సొట్ట తీయుట చూచినవారికి ఇది తెలిసిన విద్యయే. రేకు క్రింద డాలీ యను ఇనుప దిమ్మె పట్టి, పైనుండి నున్నని సుత్తితో తట్టవలెను. సొట్ట నడుమ కొట్టరాదు. దాని చుట్టు లేచిన అంచులనుండి లోపలికి రావలెను. పెద్ద దెబ్బ పది వేయుటకంటె చిన్న దెబ్బ నూరు వేయుట మేలు. పెద్ద దెబ్బకు రేకు సాగును. సాగిన రేకు నూనెడబ్బా మూతవలె టకటక లాడును, మరి యెంత తట్టినను కుదురుకొనదు. పుట్టీ యనునది 2, 3 మిల్లీమీటర్లకు మించరాదు. అమ్మువారు సొట్టనంతయు పుట్టీతో నింపి రంగు వేసి చూపుదురు. ఒక చిన్న అయస్కాంతమును గుడ్డలో చుట్టి రేకుపై నడిపి చూచినచో, పుట్టీ దళముగా నున్నచోట అది పట్టుకొనదు. కొనబోవునపుడు ఈ పరీక్షకు కాసు ఖర్చు లేదు.

రంగు ఇంట వేయలేదు. రెండు ద్రవములు కలిపి చల్లు రంగులలో ఐసోసయనేటు అను పదార్థ ముండును. అది ఊపిరితిత్తులను చెరచి ఉబ్బసము తెచ్చును. ముక్కునకు గుడ్డ కట్టుకొన్నంతమాత్రమున అది ఆగదు.

ప్రాణముతో ముడిపడిన మరి రెండు మూడు మాటలు. జాకీపై లేపిన కారు క్రింద ఎన్నడు దూరరాదు. ఈ చిన్న కారే ఆరు క్వింటాళ్లకు పైబడిన బరువు. స్టాండులు కాని, దళసరి కొయ్య దిమ్మెలు కాని పెట్టవలెను. ఇటుకలు పెట్టరాదు, అవి చెప్పక పగులును. చక్రమును, స్టీరింగును కలుపు కడ్డీ వంగియుండగా, మా ప్రాంతపు వెల్డరు కాల్చి తిన్నన చేసి 200 రూపాయలకే ఇచ్చెదననెను. వలదని క్రొత్తది కొంటిమి. స్టీరింగు, బ్రేకుల విషయమున పొదుపు తగదు. సీటు బెల్టులును మార్చితిమి. మూడు కొసల బెల్టును 1959లో వోల్వో కంపెనీ ఇంజనీరు నీల్స్ బోలిన్ రూపొందించెను. గట్టి దెబ్బకు మనిషిని ఆపిన బెల్టులో నారలు సాగియుండును. చూచుటకు మంచిగానే కనబడును గాని రెండవసారి ఆపునని నమ్మరాదు.

మా కారునకు గాలిసంచులు లేవు. క్రొత్త కారులకు 2019 జూలై నుండి డ్రైవరు ముందు గాలిసంచి తప్పనిసరి యైనది. అట్టి కారు గుద్దుకొన్నచో, విచ్చుకొన్న సంచిని మార్చవలెను. విచ్చుకొనని సంచి మందుపాతరవంటిది, పనివాని ముఖముపై పేలవచ్చును. అట్టి కారును కొట్టములో విప్పుటకు పిల్లలకు అనుమతి యీయకుడు.

లెక్కలు చెప్పెదను. కారు 20 వేలు, సామాను 23 వేలు, ఆటోనగరపు షెడ్డునకు 15 వేలు, రంగునకు 12 వేలు. మొత్తము 70 వేలు. మా కూలి ఇందులో లేదు. ఇంత సొమ్ముకు గుద్దుకొనని పాత కారే దొరకును గదా యని మీరడిగినచో, దొరకునని ఒప్పుకొందును. లాభమునకై ఈ పనికి దిగువాడు చివరకు స్టీరింగు కడ్డీ దగ్గరనో, బెల్టు దగ్గరనో ఆ లాభమును వెదకును. పని నేర్చుకొనవలె నను కోరికయు, ఓపికయు ఉన్న పిల్లవానికి మాత్రము సొమ్మిండు. అదియు కొలతలు తీసి చూపిన పిమ్మట.

కాగితముల సంగతి. బాగుచేయు ఖర్చు ఇన్సూరెన్సు పత్రమందలి విలువలో 75 శాతము మించినచో, ఆ కారు పూర్తిగా నష్టమైనట్లు ఎంచి కంపెనీ సొమ్ము చెల్లించును. తుక్కు వేలమునకు పోవును. అట్టి తుక్కు కాగితములను, నంబర్లను దొంగిలించిన కారునకు తగిలించి అమ్ము దుర్మార్గులు కలరు. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు రిజిస్ట్రేషను పత్రముతో స్వయముగా సరిచూచుకొనుడు; నంబరు చుట్టు గీకిన జాడ కనబడినచో బేరము మానుడు. కొన్న 30 దినములలో పేరు మార్పునకు దరఖాస్తు పెట్టవలెను. ఇన్సూరెన్సు లేక రోడ్డెక్కరాదు. 2020 అక్టోబరులో హైదరాబాదునను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడనను నీట మునిగిన కారులు అనేకము. సీటు క్రింది తివాచీ నెత్తి బురద వాసన చూడుడు.

అన్నియు ముగిసిన పిదప మేము చేసిన పరీక్ష చెప్పెదను. నిర్జనమైన సిమెంటు బాటపై నీరు చల్లి, కారును ఆ తడిమీదుగా తిన్నగా మెల్లగా నడిపించితిమి. కొలత సరిగా నున్న కారు వెనుక చక్రముల జాడ ముందు చక్రముల జాడమీదనే ఇరుప్రక్కల ఒకే తీరున పడును; గుల్ల వంకరయైనచో ఒకవైపు తొలగి, కుక్క అడ్డముగా పరుగెత్తినట్లు జాడ లేర్పడును. మా కారు జాడలు కలిసినవి. తరువాత చేతులు వదులుగా పట్టి బ్రేకు వేయగా ఏ ప్రక్కకును లాగలేదు. ఎడమ తలుపు మాత్రము మూయునపుడు నేటికిని కొంచెము బిగువుగా నున్నది. దాని బందులను సంక్రాంతి పిమ్మట మరల విప్పి చూతమని యనుకొనుచున్నాము.