జముకు తీగ మీద చెవి

1970లో వాష్టీ బన్యన్ అనే ఇంగ్లండు గాయని ఎల్‌పీ రికార్డు ఒకటి విడుదలైంది. హిప్పీల కాలపు ఆ పాటల్ని అప్పట్లో కొన్నవాళ్ళు కొద్ది వందలమందే. 2000లో అది మళ్ళీ విడుదలయ్యాక కొత్త తరం నెత్తికెత్తుకుంది. ఆ తరహాను సైకెడెలిక్ ఫోక్ అంటారు. ఒకే శ్రుతిని పట్టుకుని, ఒకే వరసను తిప్పి తిప్పి పాడి, వినేవాళ్ళను రోజువారీ ధ్యాసలోంచి మెల్లగా పక్కకు జరిపే జానపదం అది. ఆ గుణాలే కొలతగా పెట్టుకుంటే, విశాఖ వాళ్ళు దాన్ని వెతుక్కుంటూ ఇంగ్లండు దాకా పోనక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల జముకు వాద్యం చాలు. ఆ కాలంతో మన వాద్యానికి ఒక చుట్టరికం కూడా ఉంది. 1967లో అమెరికా గాయకుడు బాబ్ డిలాన్ రికార్డు అట్ట మీద అతని పక్కన నిలబడ్డవాళ్ళలో పూర్ణదాస్ బావుల్, లక్ష్మణ్ దాస్ ఉన్నారు. బెంగాల్ బావుల్ గాయకులు వాయించే ఖమక్‌దీ మన జముకుదీ ఒకే కుటుంబం. డొల్లగా ఉన్న గుండ్రని పాత్ర, దానికి ఒకవైపు చర్మం, చర్మం నడుమనుంచి బయటికి లాగిన ఒక తీగ. ఒక చేత్తో తీగను బిగించి పట్టుకుని, రెండో చేత్తో మీటుతారు. బిగిస్తే స్వరం పైకి ఎక్కుతుంది, వదిలితే జారుతుంది. మెట్లు లేవు, ఆగే చోటు లేదు. స్వరం ఎంత దూరం పోవాలో పిడికిలే చెబుతుంది.

ఈ పోలికకు ఒక గట్టి అభ్యంతరం ఉంది. హిప్పీల పాట లోకాన్ని వదిలిపోయేది, జముకు పాట లోకాన్ని నిలదీసేది, రెంటినీ ఒక గాటన ఎలా కడతారని. న్యాయమైన మాటే. బొడ్డపాడు గుడి పూజారి సుబ్బారావు పాణిగ్రాహి, జముకు మోతతో పాడుతూ చెప్పే జముకుల కథను శ్రీకాకుళ రైతాంగ పోరాటంలోకి తీసుకెళ్ళారు, 1969లో ప్రాణాలిచ్చారు. విశాఖ షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు ప్రసాదరావు ఉత్తరాంధ్ర జానపద బాణీలను ఉద్యమ గొంతుగా మార్చారు. వాళ్ళ లక్ష్యం మత్తు కాదు. అయితే పాణిగ్రాహి ఆ కళనే ఎందుకు ఎంచుకున్నారు? కథ నడిచినంతసేపూ ఊరిని కదలకుండా కూర్చోబెట్టే బలం ఆ మోతకు ముందునుంచే ఉంది కాబట్టి, అని నా నమ్మకం. మనం ఇన్నాళ్ళూ ఆ పాటల్లో మాటల్ని మెచ్చుకున్నాం, మోతను పక్కవాద్యంగా వదిలేశాం. నాదం మీద చెవి పెడితే మాటను తక్కువ చేసినట్టు కాదు. ఆ మాట జనం గుండెల్లోకి ఏ దారిన వెళ్ళిందో అప్పుడే తెలుస్తుంది.

ఇక, ఎంతసేపూ అదే జుం జుం కదా అనేవాళ్ళున్నారు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్‌లో గమకం రుచి మరిగిన ప్రాంతం ఇది. రెండు స్వరాల మధ్య జారుడులో ఎంత సంగీతం ఉంటుందో మనకు ఒకరు చెప్పాలా? జముకులో ఉన్నదంతా ఆ జారుడే. ఈసారి జముకుల కథ వినేటప్పుడు, కథకుడు ఊపిరి తీసుకోవడానికి ఆగే చోటు కోసం కాచుకోండి. గొంతు ఆగుతుంది, తీగ ఆగదు. అతను వదిలిన మాట చివరిని పట్టుకుని, ఒక మూలుగులా కిందికి దిగి, మళ్ళీ పైకి లేస్తుంది.